షేకర్ మీద పచ్చ స్టిక్కర్

ఫిబ్రవరి 4

నా స్టూలుకి స్టిక్కర్ వేశారు.

ఫిబ్రవరి 4, సాయంత్రం

పొద్దున కోపంలో ఒక్క లైనే రాయగలిగాను. ఇప్పుడు బస్సులో ఉన్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. అక్షరాలు వంకరగా వస్తే రోడ్డుది తప్పు, నాది కాదు.

మా ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ క్లాసులో పథకం స్కాలర్‌షిప్ మీద చేరినవాళ్లం ఇద్దరం. నేను, ఎత్తు వల్ల అందరూ పొడుగు అని పిలిచే కుర్రాడు. ఏ ఇళ్లనుంచి ఇంతకాలం ఈ బిల్డింగులోకి ఊడవడానికీ తుడవడానికీ తప్ప ఎవరూ రాలేదో, ఆ ఇళ్ల పిల్లల చేత పీజీ సైన్సు చదివించడానికి పెట్టింది ఆ పథకం. మా ఫీజు కడతారు. మేం చేరినందుకు డిపార్ట్‌మెంటుకి విడిగా నిధులిస్తారు, మిషన్లు కొనుక్కోమని. షరతు ఒక్కటే. పథకం డబ్బుతో కొన్న ప్రతి వస్తువుకీ వాళ్ల పచ్చ స్టిక్కర్ ఉండాలి. సీసా మూతంత గుండ్రంగా, కింద పేరు రాసుకోవడానికి తెల్ల పట్టీతో ఉంటుంది.

రూలు మంచిదే. జనం సొమ్ముకి జవాబు చెప్పమనే నేను చదివిన పాంప్లెట్లన్నీ అడుగుతాయి. మరి స్టిక్కర్లు ఎక్కడెక్కడ వేశారు? నా స్టూలుకి. పొడుగు స్టూలుకి. మా పిపెట్లకి, మా డ్రాయర్లకి, మా ఏప్రన్ జేబులకి, ఫ్రీజర్లో మా శాంపిళ్ల డబ్బాలకి. అదే పథకం డబ్బుతో వచ్చిన, ఫ్లాస్కులు తిప్పే షేకర్‌కి లేదు. ఫ్రీజర్‌కే లేదు. సెమినార్ హాల్లో ఏసీకి లేదు. షేకర్ వచ్చిన చెక్కపెట్టె మీద పథకం పేరు బెత్తెడేసి అక్షరాలతో ఉంది. నాకెలా తెలుసంటే లిఫ్ట్ చెడిపోయిన రోజు ఆ పెట్టెని మూడో అంతస్తు దాకా మోసింది పొడుగూ నేనూ.

డిపార్ట్‌మెంటు హెడ్డుని అడిగాను. మిషన్ల మీద అతికిస్తే ల్యాబ్ లుక్ పోతుందమ్మా అన్నాడు.

నా స్టూలుకి లుక్ ఉండదా?

ఫిబ్రవరి 6

అమ్మతో గొడవ.

అమ్మ బస్ కండక్టర్. సిటీ రూటు, పొద్దుటి డ్యూటీ. నా చదువు సగం కాలేజీలో అయితే సగం ఆ బస్సులో అయింది. ప్రయాణికులు సీట్లమీద వదిలేసిన పాంప్లెట్లు, కరపత్రాలు అమ్మ ఏరి తెచ్చేది, పొయ్యి వెలిగించడానికి పనికొస్తాయని. నేను వాటిని పొయ్యికి దక్కనిచ్చేదాన్ని కాదు. యూనియన్లవి, హేతువాదులవి, నీళ్ల పోరాటంవాళ్లవి. మూలశంకకి ఆపరేషన్ లేకుండా చికిత్స అన్నది కూడా చదివాను. దాని భాష చాలా సూటిగా ఉంటుంది.

స్టిక్కర్ సంగతి చెబితే అమ్మ బోలెడంత నవ్వింది. ఇరవై ఏళ్లనుంచి ఛాతీమీద బ్యాడ్జీ పెట్టుకుని తిరుగుతున్నాను, నాకేమైనా చర్మం ఊడిందా అంది. నీది డ్రైవర్‌కీ ఉంది, చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌కీ ఉంది, అందరికీ ఉంటే అది బ్యాడ్జీ, ఇద్దరికే ఉంటే అది వాత అన్నాను. అమ్మ పళ్లెం నా ముందుకు తోసి, నీ మాటలకి చివర వర్ధిల్లాలి అని ఒక్కటే తక్కువ, తిను అంది.

ఫిబ్రవరి 7

అమ్మ డ్యూటీ దిగి వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా చెప్పింది. డిపో మేనేజర్ బ్యాడ్జీ పెట్టుకోడట. ఇన్నేళ్లలో ఇవాళే గమనించిందట.

చెప్పులు విప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను రెట్టించలేదు. కానీ గెలిచాను.

ఫిబ్రవరి 9

క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవడో మమ్మల్ని పచ్చ బ్యాచ్ అన్నాడు. పచ్చ బ్యాచ్ రికార్డులు ఇంకా రాలేదు, ఎవరైనా గుర్తు చేయండి అని. కింద నవ్వే బొమ్మలు వరసగా. టాపర్ మాత్రం బొమ్మ పెట్టలేదు. రికార్డులకి ఆఖరి తేదీ ఎల్లుండి అని రాసింది, అంతే. టాపర్ అంటే నా పక్క బెంచీ అమ్మాయి. వాళ్ల నాన్న, తాత కూడా ప్రొఫెసర్లేనట. ఆ పిల్ల లేబుల్ అతికిస్తే స్కేలు పెట్టి కొలిచినట్టుంటుంది. నేను అతికిస్తే నడుస్తున్న బస్సులో అతికించినట్టుంటుంది.

నవ్వనంత మాత్రాన మంచిదనుకోవాలా? ఆపలేదుగా.

గ్రూపులోంచి బయటికొచ్చేశాను. వస్తూ వస్తూ ఇంత పొడుగు మెసేజ్ పెట్టాను. ఆత్మగౌరవం అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. కాస్త ఎక్కువే అనుకో.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

పీకేశాను. అన్నీ.

స్టూలుది, డ్రాయరుది, పిపెట్లవి, ఏప్రన్‌ది, ఫ్రీజర్ డబ్బాది. స్పిరిట్ తడిపిన దూదితో రుద్దితే వెన్నలా వచ్చేశాయి. ఫ్రీజర్ డబ్బాది గడ్డకట్టి మొండికేసింది, గోళ్లతో లాగాను. వేళ్లు కొంకర్లు పోయాయి. హాయిగా ఉంది.

పొడుగుని కూడా పీకమన్నాను. తల్లీ, నీకో దండం, నన్నిందులోకి లాగకు అన్నాడు. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటివాడు వాడు. గుమ్మాలకి తల తగలకుండా వంగీ వంగీ, మనుషుల ముందు కూడా వంగడం అలవాటైపోయింది వాడికి. భయంతో బతకడం బతుకేనా అన్నాను. బతుకే, తిండి కూడా పెడతారు అన్నాడు.

వాడికి నా దగ్గరున్న పాంప్లెట్లన్నీ ఇవ్వాలి.

ఫిబ్రవరి 24, మధ్యాహ్నం

రాయలేను.

ఫిబ్రవరి 25

రాయాలి. రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను.

నా పని ఏమిటంటే, మా వీధి చివర అద్దకం ఫ్యాక్టరీ ఉంది. గుడ్డలకి రంగులేసి ఆ నీళ్లు కాలవలోకి వదులుతారు. నీలం వేసిన రోజు కాలవ నీలం, ఎరుపు వేసిన రోజు ఎరుపు. చిన్నప్పుడు మేం కాలవ చూసి రేపు ఏ రంగో పందెం వేసుకునేవాళ్లం. ఆ బురదలో బతుకుతున్న బాక్టీరియాల్లో రంగుని తినేసేవి ఉంటాయి. వాటిని విడదీసి, పెంచి, నీలం నీళ్లలో వేసి, ఏది ఎంత తొందరగా రంగు విరిచేస్తుందో చూడాలి. ఆరు నెలలు అదే చేశాను. అందులో పదిహేడో నంబరు రత్నం. గ్లిజరాల్ కలిపి మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో పెడితే అవి ఏళ్ల తరబడి నిద్రపోతాయి. కావాలన్నప్పుడు లేపుకోవడమే. అలా పెట్టాను, ఒక డబ్బాలో.

ఆ డబ్బా లేదు.

నెలకోసారి ఫ్రీజర్లో మంచు గీకుతారు. ఈ నెల వంతు టాపర్‌ది. పేరు లేని డబ్బా కనిపిస్తే ఆటోక్లేవ్‌కి వెళ్లాలి, అది ల్యాబ్ రూలు. ఆటోక్లేవ్ అంటే ఇంత పెద్ద ప్రెషర్ కుక్కర్. అందులోకి వెళ్లిందేదీ ప్రాణంతో బయటికి రాదు.

నా డబ్బాకి పేరు లేదు. ఎందుకు లేదు? మంచు పట్టిన మూత మీద పెన్ను పడదు. కాబట్టి పేరు స్టిక్కర్ పట్టీ మీద రాశాను. లోపల ట్యూబుల మీద నంబర్లే. స్టిక్కర్ పీకినప్పుడు దాంతోపాటు నా పేరు కూడా పీకేశాను.

టాపర్ మీద విరుచుకుపడ్డాను. కళ్లు లేవా, పక్క బెంచీ దాన్ని ఒక్క మాట అడగలేకపోయావా అని. ఆ పిల్ల ఫోన్ తీసింది. డబ్బా ఫోటో గ్రూపులో పెట్టి మూడు రోజులు ఆగానంది. ఎవరిదో చెప్పండి, చెప్పకపోతే పారేస్తాను అని రోజూ రాసిందట. స్క్రీన్ చూపించింది. నిజమే.

గ్రూపులో నేను లేను.

ఫిబ్రవరి 26

గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. అది ఇంకా దారుణం. స్టిక్కర్ రాజకీయం నాకు తెలియదు, పేరు ఎక్కడ రాయాలో తెలియనిదానికి మైక్రోబయాలజీ ఎందుకు అంది. ఇంకో కాపీ ఎందుకు పెట్టుకోలేదు అంది. ప్లేట్ల మీద ఉంచినవి ఎండి పెచ్చులు లేచిపోయాయని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మార్చి 28న పథకంవాళ్ల రివ్యూ, చూపించడానికేమీ లేకపోతే రెండో ఏడు రెన్యువల్ అవదు, తెలుసుగా అంది.

తెలుసు. రెన్యువల్ అవకపోతే చదువు ఇక్కడితో సరి. అమ్మ అప్పుడే డిపోలో టికెట్ సెక్షన్ ఖాళీల గురించి వాకబు చేస్తోంది, నాకు తెలియదనుకుంటోంది.

కాలవ అక్కడే ఉందిగా, మళ్లీ తెచ్చుకో అంది మేడమ్. వెళ్తూంటే వెనకనుంచి, ఈసారి రెండు చోట్ల పేరు రాయి అంది.

ఒక మాట ఇక్కడ గట్టిగా రాసి పెడుతున్నాను. తప్పు చేశాను. పేరు ఇంకోచోట రాయకపోవడం తప్పు. స్టిక్కర్ పీకడం తప్పు కాదు. ఈ రెండిటినీ కలిపి ఎవరు ముడేసినా ఊరుకోను. నేను ముడేసినా సరే.

ఫిబ్రవరి 28

కాలవ మూసేశారు!

వాసన వస్తోందని వీధివాళ్లు అర్జీ పెడితే, రంగు ఆపడం మానేసి పైన రాతి పలకలు పరిచారు. కనబడకపోతే లేనట్టే. హెడ్డుకి చుట్టాలై ఉంటారు.

మార్చి 2, పొద్దున

కాలవ తవ్వకం జరిగింది. జయప్రదంగా.

ఫ్యాక్టరీ వాచ్‌మన్ పలక ఎత్తనివ్వనన్నాడు. ఓనర్ చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది పాపా అన్నాడు. అమ్మ డ్యూటీకి వెళ్లబోతూ యూనిఫాంలోనే వచ్చింది. ఏం బాబాయ్, రోజూ నా బస్సే ఎక్కుతావు, ఏనాడూ చిల్లర తేవు, ఎప్పుడైనా దింపేశానా అంది. ఆయన తల గోక్కుని, అయిదు నిమిషాలు నేను టీకి వెళ్తున్నాను, అక్కడ ఏం జరిగినా నాకు తెలియదమ్మా అని వెళ్లిపోయాడు.

పొడుగు వచ్చాడు. పిలవలేదు, అయినా వచ్చాడు. గడ్డపారతో ముగ్గురం పలక జరిపాం. నీళ్లు లోతున ఉన్నాయి, నా చెయ్యి అందదు. వాడు బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి బురద తీశాడు. ఇన్నాళ్లకి నీ పొడుగు దేశానికి పనికొచ్చిందిరా అన్నాను. వాడు మోచేతి దాకా నీలమైపోయి, ఇది ఎన్ని రోజులకి పోతుంది అన్నాడు. అమ్మ తన యూనిఫాం చేతి మీద ఇంతే ఉన్న నీలం మచ్చ చూసుకుని, పోదు నాయనా, అలవాటైపోతుంది అంది.

అమ్మ ఆ మచ్చతోనే డ్యూటీకి వెళ్లింది.

మార్చి 9

బురదనుంచి కొత్త బాక్టీరియా కాలనీలు వచ్చాయి. ప్రతి దానికీ పేరు, నంబరు. ట్యూబు మీద ఒకటి, డబ్బా మూత లోపల ఒకటి, డబ్బా అడుగున ఒకటి. నా పేరు ఇన్నిసార్లు పరీక్ష పేపర్ల మీద కూడా రాసి ఉండను.

టాపర్ మార్కర్ పెన్ను ఇచ్చింది, మంచు మీద కూడా పడేది. నా బెంచీ మీద పెట్టేసి వెళ్లిపోయింది, మాట్లాడకుండా. తీసుకోకూడదనుకున్నాను.

పెన్ను బాగా రాస్తోంది.

మార్చి 17

షేకర్లో ఫ్లాస్కులు పెట్టి వారమైంది. షేకర్ అంటే వెచ్చటి పెట్టెలో ఫ్లాస్కులు పగలూ రాత్రీ గిరగిరా తిరిగే మిషన్. నీలం నీలంగానే ఉంది. కొంచెం పలచబడిందేమో అనిపిస్తుంది, నీడలోకి తీసుకెళ్లి చూస్తే మళ్లీ అంతే నీలం. పాత పదిహేడు రెండు రోజుల్లో సగం విరిచేసేది.

పదిహేడూ, ఎక్కడున్నావే.

మార్చి 21

అవలేదు.

మార్చి 25, సాయంత్రం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మబుద్ధి కాదు.

హెడ్డు పిలిచాడు. 28న రివ్యూతో పాటు పథకంవాళ్లు వస్తువుల తనిఖీ కూడా చేస్తారట. వాళ్ల డబ్బుతో కొన్నవాటికి స్టిక్కర్ లేకపోతే వచ్చే ఏడు నిధులు ఆపేస్తారట. అందుకని సొరుగులోంచి పచ్చ స్టిక్కర్ల షీట్లు తీసి నా చేతిలో పెట్టాడు. షేకర్‌కి, ఫ్రీజర్‌కి, ఏసీకి, ప్రొజెక్టర్‌కి, సెంట్రిఫ్యూజ్‌కి అన్నిటికీ 28 పొద్దున్నే అతికించాలి. సాయంత్రం వాళ్ల కారు గేటు దాటగానే తీసేయాలి. మరకలు పడకుండా, మెల్లగా.

పీకడంలో నువ్వు ఆరితేరావు కదమ్మా, అందుకే నీకిస్తున్నా అన్నాడు. పక్కనున్న క్లర్కు నవ్వాడు. నేను నోరు తెరవబోయేసరికి, రెన్యువల్ కాగితం మీద గైడ్ సంతకం తర్వాత నా సంతకం కూడా ఉంటుంది, గుర్తుందిగా అన్నాడు. పెన్ను జేబులోకి దోపుకుంటూ అన్నాడు.

షీట్లు తీసుకున్నాను. నోరు మూసుకున్నాను. చరిత్రలో మొదటిసారి.

తర్వాత ల్యాబ్‌కి వస్తే నా ఫ్లాస్కులు షేకర్లో లేవు! తనిఖీకి మిషన్ తళతళలాడాలని క్లర్కు అందరివీ బయటికి తీయించేశాడు. నావి కిటికీ కింద గట్టు మీద, ఎండ తగలని మూల, మూడు రోజులుగా కదలకుండా ఉన్నాయట. ఈ మూడు రోజులూ నేను లైబ్రరీలో రిపోర్టు రాసుకుంటూ ఇటు రానేలేదు. ఒక్కసారి చూసి ఉంటే? క్లర్కుని తిడదామనుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి.

ఒక ఫ్లాస్కు తెల్లగా ఉంది.

తెల్లగా అంటే మంచినీళ్లలా. అడుగున కొద్దిగా బాక్టీరియా పేరుకుని ఉంది, పైన అంతా తేట. ముట్టుకోవాలంటే భయమేసింది. టాపర్‌ని పిలిచాను, ఆ పిల్లతో మాట్లాడకూడదనుకున్న సంగతి మర్చిపోయి. ఆ పిల్ల చూసి, నంబరు చూడు నంబరు చూడు అంది. మూడు చోట్ల రాసి ఉంది. ముప్ఫై ఒకటి.

మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. షేకర్లో తిప్పినన్నాళ్లూ మారలేదు, కదపకుండా వదిలేస్తే విరిగింది మేడమ్ అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఇలాంటి రంగుల్ని విరవడానికి చాలా బాక్టీరియాలకి గాలి అడ్డు, తిప్పితే గాలి కలుస్తుంది, ఇది ఎన్నో ఏళ్ల కిందటే పేపర్లలో వచ్చింది అంది. మరి ముందే చెప్పలేదేం అన్నాను. నీ పదిహేడు తిప్పినా విరిచేది, అది వేరే రకం, మిగతావాటిని కదపకుండా కూడా పెట్టమని సెప్టెంబర్లోనే చెప్పాను, నువ్వప్పుడు ఎవరితోనో హాస్టల్ నీళ్ల గురించి పోట్లాడి వచ్చి ఊగిపోతున్నావు అంది. పాంప్లెట్లు అన్నీ చదువుతావు, పేపర్లు ఎప్పుడు చదువుతావు అంది.

ఈ రాత్రినుంచి చదువుతాను.

కానీ మేడమ్ పెదవి చివర కొంచెం కదిలింది. నేను చూశాను.

మార్చి 28, పొద్దున

స్టిక్కర్లు అతికించాను. మేడమ్ నేర్పిన పద్ధతిలో. ముందు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మధ్యనుంచి అంచులకి బొటనవేలితో నొక్కి. షేకర్ మీద, సరిగ్గా కంటికి ఎదురుగా. మేడమ్ అటు వెళ్తూ, నువ్వొక పనిని మొదటినుంచి చివరిదాకా ప్రోటోకాల్ ప్రకారం చేయడం ఇదే మొదటిసారి అంది.

మార్చి 28, సాయంత్రం

సెమినార్ హాలు. పథకంనుంచి ఇద్దరు. ఒకాయన కుర్చీలో కూర్చోగానే ఆవలించాడు. ఇంకొకావిడ, జుట్టు బాగా నెరిసింది, మెడలో గొలుసుకి కళ్లజోడు వేలాడుతోంది. పక్కన హెడ్డు, మేడమ్. వెనక క్లాసంతా.

నీలం ట్యూబు, తెల్ల ట్యూబు పక్కపక్కన పెట్టి చెప్పాను. ముప్ఫై ఒకటి మూడు రోజుల్లో ఏం చేసిందో. ఇంకా ఏం తెలియదో కూడా చెప్పాను. రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదు, అది పరీక్షించాలి, దానికే నాకు రెండో ఏడు కావాలి అన్నాను. 

గొలుసావిడ ఫైలు చూసి, ముందటి రిపోర్టులో ఇరవై పైగా రకాలున్నాయి, పదిహేడో నంబరు గురించి చాలా రాశావు, అదేమైంది అని అడిగింది.

హెడ్డు గొంతు సవరించుకున్నాడు. ఫ్రీజర్ పాడైందని చెప్పు అని నిన్ననే సలహా ఇచ్చి ఉన్నాడు. చెప్పినా నష్టపోయేవాళ్లెవరూ లేరు. ఫ్రీజర్ నోరెత్తదు కదా.

చంపేశాను అన్నాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బా మీద పేరు స్టిక్కర్ మీద రాశాను, ఆ స్టిక్కర్ పీకేశాను, పారేసినవాళ్లు రూలు ప్రకారమే పారేశారు, వాళ్ల తప్పు లేదు అన్నాను. టాపర్ వైపు చూడలేదు. ఎందుకు పీకావు అంది ఆవిడ. అప్పుడిక ఆగలేదు. మీ స్టిక్కర్ నిన్నటిదాకా ఈ డిపార్ట్‌మెంటులో మా ఇద్దరి స్టూళ్లకీ జేబులకీ తప్ప దేనికీ లేదు కాబట్టి అన్నాను. మీ తలమీద చల్లగాలి వీస్తున్న ఏసీకి ఇవాళ పొద్దున అతికించింది నేనే, సాయంత్రం పీకమన్నారు, పీకను అన్నాను. మీ డబ్బు ఎవరెవరికి పనికొచ్చిందో అందరికీ కనబడాలి, మా ఇద్దరికేనా అది అన్నాను. అందరం కలిసి కూర్చునే ఏసీకి లేని గుర్తు నా ఏప్రన్‌కి ఎందుకు అన్నాను.

 హెడ్డు నవ్వి, కుర్రతనమండీ, ఆవేశం ఎక్కువ అన్నాడు. ఆవలించినాయనకి నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

గొలుసావిడ లేచి నన్ను కౌగిలించుకోలేదు. హెడ్డుని నిలదీయలేదు. నా మనసులో నేను రాసుకున్న సీన్లలో ఒక్కటీ జరగలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, తల ఎత్తకుండానే, తెల్లబడిన ఫ్లాస్కులో పీహెచ్ చూశావా అని అడిగింది. చూశానన్నాను. ఎంత అంది. చెప్పాను. సరే, తర్వాతి వాళ్లు అంది.

తనిఖీలో షేకర్ ముందు ఆగింది. గోటితో స్టిక్కర్ అంచు గీరి చూసింది. రాలేదు. ముందుకెళ్లిపోయింది.

కారు గేటు దాటింది. హెడ్డు ల్యాబ్‌లోకొచ్చి తీసెయ్ అన్నాడు. తీయనన్నాను. సంతకం అన్నాడు. పెట్టకండి, కానీ ఎందుకు పెట్టలేదో కూడా రాయండి అన్నాను.  ఆయన పొడుగు వైపు తిరిగి, నువ్వు తీయరా అన్నాడు. వాడు షేకర్ వైపు చూశాడు. షేకర్ వాడి నడుం ఎత్తు కూడా లేదు.

సార్, నాకు అందదు సార్ అన్నాడు.

మార్చి 29

గొంతు పోయింది. అమ్మ మిరియాల నీళ్లు కాచి ఇచ్చింది. మాట్లాడలేకపోతే ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో అంది. తర్వాత కాసేపటికి, పథకంవాళ్లు వద్దన్నా నువ్వు చదువు మానడం లేదు, టికెట్ సెక్షన్‌లో వాళ్లకి నువ్వు రావని చెప్పేశాను అంది. పళ్లాలు కడుగుతూ, నావైపు వీపు పెట్టి చెప్పింది.

ఏప్రిల్ 3

షేకర్ మీద స్టిక్కర్ గీకేశారు. క్లర్కు బ్లేడుతో గీకాడట. పచ్చటి మచ్చ మిగిలింది. మిగిలిన షీటు కామన్ టేబుల్ మీదే పడి ఉంది. నేను కొత్తది అతికించాను.

ఏప్రిల్ 4

మళ్లీ గీకారు. మళ్లీ అతికించాను.

ఏప్రిల్ 9

రెన్యువల్ వచ్చింది! ఏడాదికి కాదు, ఆరు నెలలకే, ప్రోగ్రెస్ చూసి మిగతాది. మేడమ్ సంతకం ఉంది. హెడ్డు సంతకం కూడా ఉంది, అంత చిన్నగా ఎవరైనా పెడతారని నాకు తెలియదు. కింద రిమార్కు: విషయ పరిజ్ఞానం ఫరవాలేదు, మాట తీరు మార్చుకోవాలి.

మార్చుకోను. ఆ ముక్క అమ్మకి చదివి వినిపించాను. ఇది రాయడానికి పెద్ద కమిటీ ఎందుకు, నన్నడిగితే ఊరికే చెప్పేదాన్ని కదా అంది.

పొడుగు వాడి ఏప్రన్ స్టిక్కర్ వాడే పీకుకున్నాడు. పీకేముందు జేబు లోపల పేరు రాసుకున్నాడు. రెండు చోట్ల.

ఏప్రిల్ 12

అమ్మకి జ్వరం, రెండు రోజులు ల్యాబ్‌కి వెళ్లలేదు. ఇవాళ వెళ్లాను. షేకర్ మీద నిన్న కూడా గీకారట. కానీ స్టిక్కర్ ఉంది. కొత్తది. స్కేలు పెట్టి కొలిచినట్టు, తిన్నగా.

నేను కాదు.